మూత తీసే ముందు చెయ్యి చూసేవాడు

మా కంప్యూటర్ తెర మీద కుడివైపు మూలన ఒక అంకె ఎప్పుడూ కనబడుతూ ఉంటుంది. అది లోపలి ప్రాసెసర్ వేడి. ఏడేళ్ళుగా ఎంత ఎండలోనైనా డెబ్భై అయిదు దాటని ఆ అంకె మొన్న ఒక మధ్యాహ్నం ఎనభై ఒకటి చూపించింది. చేస్తున్న పని ఆపేసి, ఫోన్ తీసి, తాండూరు నంబరు వెతికి, నొక్కబోయి ఆగిపోయాను. ఎత్తడానికి ఆయన లేడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. పోయిన చలికాలం ఆయన పెద్దకర్మకు వెళ్ళి అన్నం తిని వచ్చినదాన్నే. అయినా వేలు అలవాటుగా అక్కడికే పోయింది.

ఆయన పేరు రాయను. రాస్తే వాళ్ళింట్లో వాళ్ళు చదువుతారు. చదివితే నేను చెప్పిన అబద్ధం బయటపడుతుంది. ఆ రోజు ఒక్క నిజం చెప్పి ఉంటే ఆయన ఆపరేషన్‌కు ఒప్పుకునేవాడేమో, ఇవాళ ఫోన్ ఎత్తి "అంకె ఎంతున్నది బిడ్డ?" అని అడిగేవాడేమో. అవునో కాదో ఇక ఎవరూ తేల్చలేరు. నా భయమంతా అది తేలకుండా ఉండిపోవడం గురించే.

మామూలుగానే నేను పిరికిదాన్ని. బల్లికీ, ఉరుముకూ, తెలియని నంబరు నుంచి వచ్చే ఫోన్‌కూ తేడా లేకుండా భయపడతాను. భయపడితే నా అరచేతులు చెమట పడతాయి. పడతాయంటే మామూలుగా కాదు, బడిలో పరీక్ష రాస్తుంటే కాగితం తడిసి సిరా అలుక్కుపోయేది. పంతులమ్మ ఒకసారి "ఏడ్చినవానె?" అని అడిగింది. ఏడవలేదు టీచర్, చెయ్యి పెట్టిన అంతే, అన్నాను. అప్పటినుంచి ఎవరికైనా చెయ్యి ఇవ్వాల్సి వస్తే ముందు చున్నీకి తుడుచుకోవడం అలవాటైపోయింది.

నేను చేసే పని కూడా చెప్పాలి. మా వికారాబాద్ చుట్టూ, ముఖ్యంగా అనంతగిరి గుట్టల వైపు, ఎకరమున్నా అరెకరమున్నా ఫార్మ్‌హౌస్ కట్టేస్తున్నారు. ఇంకా పునాది కూడా తీయని ఇంటిని కట్టేసినట్టుగా, పొద్దున ఎండ వరండాలోకి ఎలా వస్తుందో, మెట్ల మీద నీడ ఎలా పడుతుందో వీడియోలో చూపించడం నా పని. రెండు నిమిషాల వీడియో తయారు కావడానికి కంప్యూటర్ రోజంతా ఆగకుండా లెక్కలు కట్టుకోవాలి. నాకు అంత ఓపిక లేదు. ఇంటర్నెట్‌లో చూసి, ప్రాసెసర్ వేగాన్ని కంపెనీ పెట్టినదానికన్నా పెంచేశాను. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం పెరిగింది, దాంతోపాటు వేడీ పెరిగింది. మే నెల, పైన రేకుల కప్పు. మూలన అంకె తొంభై ఎనిమిదికి పోయేది, ఆ తర్వాత కంప్యూటర్ తనంతట తానే ఆరిపోయేది. సగం తయారైన ఇల్లు సగంలోనే పోయేది.

అప్పుడు నా చేతిలో ఉన్నది నాకు దొరికిన మొదటి పెద్ద పని. చెప్పిన రోజుకు అందకపోతే ఇంకెవరూ నన్ను పిలవరు. మళ్ళీ ఏ జిరాక్స్ షాపులోనో కూర్చోవాలి. వేగం తగ్గిస్తే పని అందదు, పెంచితే కంప్యూటర్ నిలవదు. రెండు రోజులు ఏడ్చాను.

ఫార్మ్‌హౌసులకు నాపరాయి పంపే సేటు ఒకాయన మాటల్లో చెప్పాడు. "తాండూర్ల ఒకాయన ఉన్నడమ్మా. చిప్పు మూత తీసి చల్లబెడ్తడు. మస్తు పనిమంతుడు. కాని జర తిక్క మనిషి, అందరిది చెయ్యడు."

మూత అంటే ఏమిటో చెప్తాను. ప్రాసెసర్ అగ్గిపెట్టె కన్నా చిన్నది. పైకి కనబడే లోహపు పలక అసలు చిప్పు కాదు, దాని మీద అంటించిన మూత. అసలుది దాని కింద గోరంత ఉంటుంది. చిప్పు వేడి మూతకు అందడానికి మధ్యలో ఒక లేపనం పూస్తారు. అది ఎండిపోతే వేడి లోపలే మగ్గుతుంది. మూత తీసి, ఎండిన లేపనం గీకి, దాని బదులు ద్రవలోహం పూసి, మళ్ళీ మూత పెట్టేస్తే చల్లబడుతుంది. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం మూత వెంట్రుకవాసి ఎక్కువ జరిగితే చిప్పు పోతుంది. పోయినదాన్ని బాగు చేయడమంటూ ఉండదు.

ప్రాసెసర్‌ను టిఫిన్ డబ్బాలో దూది మధ్య పెట్టి, ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను తీసుకుపోయినట్టు ప్యాసింజర్ రైల్లో తాండూరు తీసుకుపోయాను. ఇల్లు పాలిషింగ్ యూనిట్ల పక్క సందులో ఉంది. అక్కడ రోడ్డూ చెట్ల ఆకులూ గోడల మీద సినిమా బొమ్మలూ అన్నీ రాతిపొడితో తెల్లగా ఉంటాయి. ముందు గదే దుకాణం. గది నేల, అల్మారా, ఆయన పనిచేసే బల్ల, అన్నీ నాపరాయే. బల్ల మీది రాయిని ఎంత నున్నగా పాలిష్ పట్టాడంటే, పైనున్న ఫ్యాను అందులో తిరుగుతూ కనబడింది.

అరవై దాటిన మనిషి. చాన్నాళ్ళు రేడియోలూ టీవీలూ బాగు చేసి, తర్వాత కంప్యూటర్ల వైపు వచ్చాడట. సన్నగా, చెవి మీద పెన్సిల్, భుజం మీద తువ్వాలు. ఎడమచేతి రెండు వేళ్ళు సగానికి లేవు. ఏది ముట్టుకోవాలన్నా ముందు ఆ పొట్టి వేళ్ళ వెనక వైపుతో తాకి వేడి చూసేవాడు. చాయ్ గ్లాసునూ, ఫోన్‌నూ, వచ్చినవాళ్ళ టిఫిన్ డబ్బానూ అలాగే తాకేవాడు. చాయ్ పూర్తిగా చల్లారి పైన మీగడ కట్టాక గాని తాగేవాడు కాదు.

నా డబ్బాను కూడా అలాగే తాకి తెరిచాడు. భూతద్దం పెట్టి ప్రాసెసర్ మీది నంబర్లు చదివాడు.

"ఇది పోతె ఇంకోటి ఉన్నదా బిడ్డ?"

"లేదు కాక."

"భయమైతుందా?"

ఏం చెప్పమంటారు? ముక్కూ మొహం తెలియని మనిషి. భయమని చెప్తే చులకన అవుతానని నాకు ఉక్రోషం వచ్చింది. "భయమెందుకైతది? మీరు మస్తు చేసిన్రంట కద" అన్నాను.

"చెయ్యి ఇయ్యి."

జాతకం చూస్తాడనుకున్నాను. చున్నీకి గట్టిగా తుడుచుకుని ఇచ్చాను. పొట్టి వేళ్ళ వెనక వైపుతో నా అరచేతిని తాకి చూశాడు. డబ్బా మూత పెట్టి నా వైపు జరిపాడు.

"పొడిగున్నది. రెండున్నరకు బండి ఉన్నది, పో బిడ్డ."

"అదేంది కాక! గింత ఎండల వికారాబాద్ కెళ్లి వచ్చిన!"

"వచ్చినవ్. భయం లేకుంట వచ్చినవ్. గట్లాంటోళ్లది నేను ముట్ట."

లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. బషీరాబాద్ అవతల, కర్ణాటక వైపు ఊళ్ళో పుట్టిన మనిషి. కోపమొచ్చినా కంగారొచ్చినా నోట్లోంచి కన్నడమే ముందు వస్తుంది. "బ్యాడ్రీ, బ్యాడ్రీ" అని, అంటే వద్దండీ అని, నాకేసి చూసి, తెలుగులో "వద్దనకుంట చేసియ్యుండ్రి, పాపం పిల్ల" అంది. ఆయన వినలేదు. ఆయన్ను కాక అన్నాను కాబట్టి ఆమె నాకు చిన్నమ్మ; మజ్జిగ ఇచ్చి పంపించింది. దారి పొడుగునా ఆయన్ను తిట్టుకుంటూనే వచ్చాను. ధారూర్ దాటేసరికి నాకు తెలిసిన తిట్లు అయిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఆ పొద్దున్నే కంప్యూటర్ అయిదుసార్లు ఆరిపోయింది. పని అందించడానికి ఇంకో వారమే ఉంది. డబ్బా రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఏడుపు ఒక్కటే తక్కువ. ఆయన ఏమీ అడగలేదు. "చెయ్యి ఇయ్యి" అన్నాడు. తుడుచుకోవాలని కూడా తోచలేదు, ఇచ్చేశాను.

ఆయన మొహం విచ్చుకుంది. "గిదీ! గిది చెయ్యంటె!" అని లోపలికి కేకేశాడు. "ఇటు రా, చూడు, నీళ్లు కారుతున్నయ్!" చిన్నమ్మ నిజంగానే వచ్చి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకుముందు నా చెమట చూసి సంతోషపడ్డవాళ్ళు ఎవరూ లేరు.

కూర్చోబెట్టి, ఎడమచెయ్యి నా ముందు పెట్టి చెప్పాడు. "నేను పదహారేండ్లు గనిల చేసిన బిడ్డ. నాపరాయి పొరలు పొరలుగ ఉంటది. పొర సందుల ఉలి పెట్టి కొట్టుకుంట సప్పుడు ఇనాలె. సప్పుడు మారిందంటె పొర లేస్తుందన్నట్టు, చెయ్యి తియ్యాలె. రోజు భయపడుకుంటనే చేసిన, ఏం కాలె. ఒక్కనాడు భయం లేకుండె. కొత్తగ పెండ్లయింది. ఈల ఏసుకుంట కొడుతున్న. గా సప్పుడు మారింది నాకు ఇనబడనే లేదు." పొట్టి వేళ్ళు ఆడించాడు. "గంతే."

"మీరు భయపడితె చాలు కద కాక, నేనెందుకు?"

"నా ఒక్కని భయం సరిపోదు. వస్తువు ఎవరిదో వాళ్లది సుత కావాలె. ఇద్దరు భయపడితె చెయ్యి ఆగుతది." అల్మారాలో దేవుడి పటం వైపు చూపించాడు. పటం ముందు పగిలిన ప్రాసెసర్ ఒకటి ఉంది. రోజూ అగరుబత్తి ముట్టించేటప్పుడు కళ్ళబడాలని అక్కడ పెట్టుకున్నాడట. "గిది ఒకని చెయ్యి చూడకుంట చేసింది. దీనికి లోపట లేపనం కాదు, సీసం తీరు పోసి అతికిచ్చిన్రు. నేను చూసుకోలె. మూతతోని చిప్పు సుత లేచొచ్చింది."

అది చూశాక నా రెండో అరచెయ్యి కూడా తడిసింది.

ఫ్యాను ఆపేశాడు. సప్పుడు వినాలి గదా. తలుపు మూశాడు. మే నెల తాండూరులో ఫ్యాను లేని గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. లేత్ దగ్గర చేయించుకున్న చిన్న ఇనుప చట్రంలో ప్రాసెసర్‌ను బిగించాడు. చట్రానికి పక్కన ఒక మర ఉంది. దాన్ని తిప్పిన కొద్దీ మూత పక్కకు జరుగుతుంది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నా అరచెయ్యి రాతి బల్ల మీద బోర్లా పెట్టమన్నాడు.

"వద్దనిపిస్తె వద్దను. ఆపేస్త."

ఆయన మొహమంతా చెమట. కళ్ళు మూసుకున్నాడు. మర తిప్పాడు, ఆగాడు. ఇంకొంచెం తిప్పి మళ్ళీ ఆగాడు. బయట రాళ్ళు కోసే రంపం అరుపు ఆగేదాకా ఎదురుచూసి, మళ్ళీ తిప్పాడు. వద్దని అరవాలనిపించింది. నోట్లో తడి లేదు. నా పనీ నా గదీ నా బతుకూ ఆ ఇనుప చట్రంలో బిగుసుకుని ఉన్నట్టు అనిపించింది. కాలి మీద చీమ పాకుతున్నా కదల్లేదు.

టక్‌మంది.

ప్రాణం పోయిందనుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి ముందు ప్రాసెసర్ వైపు చూడలేదు, బల్ల మీద నా చెయ్యి ఎత్తి దాని కిందికి చూశాడు. నున్నటి రాయి మీద నా అయిదు వేళ్ళూ తడి అచ్చు పడ్డాయి. తల ఊపాడు. అప్పుడు మూతను గోటితో ఎత్తాడు. కింద అసలు చిప్పు బూడిద రంగు లేపనం కింద ఒక్క గీత కూడా పడకుండా ఉంది. ఇంత చిన్నదాని కోసమా నేను ఇంతసేపు చచ్చి బతికింది అనిపించింది.

పాత లేపనం గీకి, సూదిమందు గొట్టం లాంటి దాంట్లోంచి వెండిలా మెరిసే ద్రవలోహం చుక్క వేసి, దూదిపుల్లతో పల్చగా పరిచి, మూత మళ్ళీ అంటించాడు. జిగురు ఆరేదాకా కూర్చోమన్నాడు. ఆ ఖాళీలో, ఇంకా నేను దేనికి భయపడాలో చూపిస్తానని, వంటింట్లోంచి అల్యూమినియం టిఫిన్ డబ్బా మూత ఒకటి తెచ్చాడు. బ్లేడుతో దాని మీద గీరి, ద్రవలోహం చుక్క వేసి రుద్ది, ఎండలో పెట్టాడు. అన్నం తిన్నాక నొక్కమన్నాడు. నొక్కితే నా బొటనవేలు అప్పడంలోంచి దిగినట్టు దిగిపోయింది.

"రాగి మీద మంచిగుంటది. గీ డబ్బా తీరు సిల్వర్ మీద పడ్డదా, తినేస్తది. చిప్పు మీద బిగించె కూలర్ దేంతోని చేసిన్రో చూసుకోని పెట్టు. భయపడి చూసుకో."

"నా డబ్బా!" అని చిన్నమ్మ కన్నడంలో ఎత్తుకుంది. ఏం తిట్టిందో నాకు అర్థం కాలేదు గాని ఆయనకు బాగా అర్థమైంది, తువ్వాలు నెత్తి మీద వేసుకుని వాకిట్లోకి పోయాడు.

ఇంటికొచ్చి బిగించి, వేగం పెంచి, వీడియో పెట్టాను. అంకె డెబ్భై నాలుగు దగ్గర ఆగింది. ఆ పని అందింది, దాని తర్వాత ఇంకో పని వచ్చింది. ఇవాళ నేను తినే అన్నం ఆ టక్‌మన్న చప్పుడులోంచి వచ్చిందే.

తర్వాత ఆయన మా ఇంటి మనిషిలాగా అయిపోయాడు. నేను ఫోన్ చేస్తే ఎట్లున్నవని అడిగేవాడు కాదు. "అంకె ఎంతున్నది?" అని అడిగేవాడు. డెబ్భై నాలుగంటే మంచిదనేవాడు, పెట్టేసేవాడు. నేను పంపినవాళ్ళలో సగం మందిని తిప్పి పంపాడు. కొడంగల్ నుంచి ఒకతను నవ్వుతూ బల్ల మీద కాలు ఊపుతూ కూర్చున్నాడట. ఆయన అతనికి చల్లారిన చాయ్ పోసి, బస్సు ఎన్నింటికో చెప్పాడట. ఎవరికైనా బస్సు టైమో రైలు టైమో చెప్పాడంటే ఇక పని కానట్టే.

పోయిన ఏడాది వానలప్పుడు చిన్నమ్మ ఫోన్ చేసింది. చాన్నాళ్ళుగా తలనొప్పి అంటున్నాడట. చట్రం చేతిలోంచి జారి పడిందట. హైదరాబాద్ తీసుకుపోతే తలలో గడ్డ ఉంది, తెరిచి తీయాలన్నారట. తీస్తే బతుకుతాడు, ఆలస్యం చేయొద్దన్నారట. తారీఖు కూడా ఇచ్చారట. ఈయన డాక్టరు గదిలోంచి లేచి, చెప్పకుండా రైలెక్కి ఇంటికొచ్చేశాడు.

"నీ మాట ఇంటడు బిడ్డ. ఒక్కసారి వచ్చి ధైర్యం చెప్పు" అని ఏడ్చింది.

వెళ్ళాను. ముందు గదిలో మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. బల్ల మీద దుమ్ము. ఒక కనురెప్ప వాలిపోయింది. నన్ను చూసి లేచి కూర్చోబోయి, గోడ పట్టుకున్నాడు. అంత గట్టి మనిషి గోడ పట్టుకోవడం చూడలేక మంచం పక్కన కూర్చున్నాను.

"తలకాయ మూత తీస్తరంట" అన్నాడు. నవ్వుదామని చూశాడు గాని నవ్వు రాలేదు.

"తీస్తె మంచిగైతది కద కాక. ఎందుకొచ్చేసిన్రు?"

"డాక్టర్ చిన్నోడు. మంచోడే. చెయ్యి ఇయ్యి సారూ అంటె నవ్వుకుంట ఇచ్చిండు." తన పొట్టి వేళ్ళు చూసుకున్నాడు. "పొడిగున్నది బిడ్డ. 'ఏం ఫికర్ చెయ్యకు పెద్దాయన, మాకిది రోజు చేసేదే' అన్నడు. రోజు చేసేదంట! నేను సుత గా దినం రోజు చేసేదే అనుకున్న."

"దవాఖానల ఏసీ ఉంటది కాక. చెమట ఎట్లొస్తది? చేతులు కడుక్కుంటనే ఉంటరు వాళ్లు. పొడిగున్నయంటె భయం లేదని కాదు."

ఆ మాట ఆయనకు కొంచెం తాకింది. నిజంగా ఆలోచించాడు. పొట్టి వేళ్ళతో మంచం పట్టె మీద తట్టుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత నా కళ్ళల్లోకి చూసి అడిగాడు.

"డాక్టర్‌ను ఇడిసిపెట్టు. నా గురించి నీకు భయమైతుందా?"

వంటింటి తలుపు దగ్గర చిన్నమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ జోడించి, ఆయనకు కనబడకుండా, ధైర్యం చెప్పమని నాకు సైగ చేసింది. నాకు ఒళ్ళంతా భయం. ఆయన చచ్చిపోతాడని భయం. ఆపరేషన్ బల్ల మీదే పోతాడని భయం, చేయించుకోకపోతే తప్పకుండా పోతాడని అంతకన్నా భయం. కాని రోగి మంచం పక్కన కూర్చున్నవాళ్ళు ఏం చెప్తారు? అందరూ ఏం చెప్తారో నేనూ అదే చెప్పాను.

"లేదు కాక. ఏం భయం లేదు. మంచిగైతది."

"చెయ్యి ఇయ్యి."

అప్పుడు నా అరచేతులు ఎలా ఉన్నాయంటే, పిండితే కారేట్టున్నాయి. ఇప్పుడు ఈ తడి చూస్తే ఆయన ఇంకా బెదిరిపోతాడనుకున్నాను. అలా అనుకున్నది ఏ మనిషి గురించో నాకు ఆ క్షణం గుర్తే లేదు. చున్నీ సర్దుకుంటున్నట్టు నటించి, రెండుసార్లు గట్టిగా తుడుచుకుని చెయ్యి ఇచ్చాను.

పొట్టి వేళ్ళ వెనక వైపుతో తాకాడు. ఎప్పుడూ లేనంతసేపు అలాగే ఉంచాడు. చల్లగా ఉన్నాయి ఆ వేళ్ళు. ఎక్కడన్నా కొంచెం తడి దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు అరచెయ్యి మధ్య నుంచి వేళ్ళ సందుల దాకా తడిమాడు. ఆ తర్వాత నా చెయ్యి నా ఒళ్ళోనే పెట్టి, మెల్లగా తట్టాడు.

"పొడిగున్నది" అన్నాడు. కోపం లేదు గొంతులో. గోడ వైపు తిరిగి పడుకుంటూ అన్నాడు. "రెండున్నరకు బండి ఉన్నది బిడ్డ. పో, మళ్ల ఆలస్యమైతది."

అప్పుడు అర్థమైంది నాకు. కాక, అబద్ధం చెప్పిన, తుడుచుకున్న, ఇటు చూడు మళ్ల తడిసింది అని చెప్పాలి. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆయన మాట తలుపు దాకా వినబడలేదేమో, చిన్నమ్మ నా వైపు ఆశగా చూస్తోంది, ధైర్యం బాగా చెప్పావన్నట్టు తల ఊపుతోంది. ఆమె ముందు నాకు నోరు రాలేదు. ఫోన్‌లో చెప్దామనుకుని చెప్పులు వేసుకున్నాను.

ఫోన్ చేశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. "అంకె ఎంతున్నది?" అనేవాడు, మాట కొంచెం ముద్దగా వచ్చేది. "డెబ్భై నాలుగు కాక" అనేదాన్ని. "మంచిది" అని పెట్టేసేవాడు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటుండగానే ఆపరేషన్ తారీఖు దాటిపోయింది. ఆయన వెళ్ళలేదు. ఆ తర్వాత చెప్తే ఏం లాభమని మానేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ తర్వాత కూడా లాభమే ఉండేదేమో. ఎవరినైనా అడగాలంటే భయం, అడిగితే అవునంటారేమోనని.

పెద్దకర్మ రోజు అన్నాలయ్యాక అందరూ పోయేదాకా ఆగాను. చెప్పేద్దామనే. చిన్నమ్మ నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి, తనే మాట్లాడింది. ఏడుపు అయిపోయిన గొంతు.

"నువ్వు వచ్చి పోయిన దినం నుంచి మల్ల దవాఖాన మాట ఎత్తనియ్యలె బిడ్డ. నేను మస్తు బతిమాలిన. ఒక్కటే అన్నడు. డాక్టర్ చెయ్యి పొడిగున్నదంటె సరే, పరాయోడు. గా పిల్ల చెయ్యి సుత పొడిగనే ఉన్నది. గింత చిప్పు కోసం నీళ్లు కార్చిన చెయ్యి అది. దానికే భయం లేదంటె, ఇగ నా గురించి భయపడెటోళ్లు ఎవరున్నరు, అన్నడు."

ఆమె మొహం వైపు చూడలేక తల తిప్పాను. అల్మారాలో దేవుడి పటం ముందు పగిలిన ప్రాసెసర్ ఇంకా అలాగే ఉంది, దాని ముందు అగరుబత్తి బూడిద.

ఆమె లేచి ఆ ఇనుప చట్రాన్ని పాత తువ్వాలులో చుట్టి తెచ్చింది. "మాకెందుకిది, నువ్వు తీస్కపో" అని నా చేతిలో పెట్టబోయి ఆగింది. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"అయ్యో, ఏంది బిడ్డ, చెయ్యి గింత తడిగున్నది?"

ఎండ చిన్నమ్మా, అన్నాను. అది పుష్యమాసం. చిన్నమ్మ భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని ఉంది.